తల ఊపినంత మాత్రాన

కాకినాడ

చిన్నీ,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. రెండుసార్లు చదివాను. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఒక పేషెంటు గురించి నాలుగు పేజీలు రాశావంటే నీకు ఈ పని మీద మనసుందన్నమాట. ముందుగా ఆ సంతోషం చెప్పనీ.

"మామ్మగారికి ఇన్సులిన్ సంగతి అంతా విడమరిచి చెప్పాను పెద్దమ్మా, ప్రతి మాటకీ తల ఊపింది, మూడోనాడు స్పృహ లేకుండా మోసుకొచ్చారు" అని రాశావు. పొద్దున్నే సూది వేసుకుని, ఏమీ తినకుండా గుడికి వెళ్ళి, ప్రదక్షిణల్లో పడిపోయిందన్నావు. ఆ మిక్స్‌డ్ ఇన్సులిన్ వేసుకున్నాక అరగంటలో తినాలని నువ్వు చెప్పావు, ఆవిడ ఊఁ కొట్టింది. ఇన్‌ఛార్జి సిస్టర్ అందరి ముందూ కేకలేసినందుకు కుమిలిపోకు. గ్లూకోజు ఎక్కించగానే కళ్ళు తెరిచింది, అంతే చాలు. కానీ ఆవిడ తల ఎందుకు ఊపిందన్న ప్రశ్నని మాత్రం వదిలెయ్యకు. ఈ ఉత్తరమంతా దాని గురించే.

పదో తరగతి దాకా కూచిపూడి నేర్చుకున్నావు కదా. వసారాలో కూర్చుని అభినయ దర్పణంలోని తొమ్మిది శిరోభేదాలూ నువ్వు వల్లె వేస్తుంటే నేను వినేదాన్ని. పరివాహితం గుర్తుందా? చామరం వీచినట్టు తలని ఇటూ అటూ ఆడించడం. దాని వినియోగాలు ఓసారి జ్ఞాపకం చేసుకో. సంతోషానికీ అదే, ఆమోదానికీ అదే, మోహానికీ అదే, విరహానికీ అదే, ఆలోచనలో పడినప్పుడూ అదే. ఒక్క తల కదలికకి ఇన్ని అర్థాలు చెప్పినవాళ్ళు మనుషుల్ని ఎంత దగ్గరగా చూశారో! రంగస్థలం మీదైతే కథ తెలుసు, పాట వినిపిస్తుంటుంది, ముందువెనకల్ని బట్టి ఆ తల ఏమంటోందో మనకి అర్థమవుతుంది. వార్డులో ఆ కథ మనకి తెలియదు.

మన పేషెంటు తల ఊపిందంటే "వింటున్నాను" అని కావచ్చు. "చదువుకున్న పిల్లవి, నీ మాటకి కాదంటానా" అని కావచ్చు. "తొందరగా వదిలితే పన్నెండింటి బస్సు దొరుకుతుంది" అని కావచ్చు. "కొడుకూ కోడలూ పక్కన నిలబడి ఉంటే నాకు తెలియలేదని ఎలా చెప్పను" అని కూడా కావచ్చు. పెద్దవాళ్ళకి ఆ చివరిది చాలా బరువైన సంగతి. తెల్లబట్టల ముందు తలవంచడం మన ఊళ్ళలో మర్యాద. ఆ మర్యాదని అంగీకారంగా లెక్కేసుకుంటే నీకు జరిగినదే జరుగుతుంది.

అందుకని డిశ్చార్జి రోజున "అర్థమైందా?" అని అడగడం మానెయ్యి. దానికి వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే. "మామ్మగారూ, రేపు పొద్దున్న లేచాక ఏం చేస్తారో నాకు ఒక్కసారి చెప్పండి, నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను" అని అడుగు. తప్పు నీ మీద వేసుకుంటే ఆవిడకి నామోషీ ఉండదు. తర్వాత సీసా, సిరంజీ ఆవిడ చేతికే ఇచ్చి మందు తియ్యమను. నువ్వు మాట్లాడకుండా ఆ చేతుల వంక చూడు.

నేను చూసిన ఒక రైతు సంగతి చెబుతాను. తుని వైపు ఊరు. మంచి మాటకారి. ఇన్సులిన్ ఎప్పుడు, ఎంత అన్నది గడగడా అప్పజెప్పేశాడు. సిరంజీ చేతికిస్తే చెయ్యి బారుగా చాపి, కిటికీ వైపు తిప్పి, తల వెనక్కి వాల్చి, కళ్ళు చికిలించాడు. ఆ తర్వాత సిరంజీని వేళ్ళతో తడుముతూ పిస్టన్‌ని అంచనాగా లాగాడు. నలభై గీతల సిరంజీ మీద ఇరవై ఎక్కడుందో ఆయనకి కనపడటం లేదు. ఆ మాట ఆయన నోటంట రాదు, కొడుకు ముందు అసలే రాదు. "బాబాయ్, కళ్ళు పరీక్ష చేయించుకుని ఎన్నాళ్ళయింది?" అని మామూలుగా అడిగితే చేతిలోది కింద పెట్టేసి నేల చూపులు చూశాడు. కళ్ళ డాక్టరుగారి దగ్గరికి పంపాం. శుక్లం. అది తీయించేదాకా కోడలు సూది వేసేట్టు ఏర్పాటు చేశాం. మందు ఎంత ముఖ్యమో ఆ చెయ్యి చాపిన తీరు చూడటం అంత ముఖ్యం.

మీ కాలేజీలో ఎవరో గెస్టు లెక్చరర్ వచ్చి, మనం చెప్పేదాంట్లో మాటలది ఏడు శాతమే, గొంతుది ముప్పై ఎనిమిది, ముఖానిది యాభై అయిదు అని చెప్పారని రాశావు. ఆ లెక్క ఎక్కడ చూసినా కనిపిస్తుంది. దాని అసలు సంగతి తెలుసుకో. ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే ఆయన కాలిఫోర్నియాలో 1967లో చేసిన రెండు చిన్న ప్రయోగాల నుంచి వచ్చింది. విడివిడి మాటల్ని రకరకాల గొంతులతో వినిపించి, ఒకదాంట్లో ముఖాల ఫొటోలు కూడా చూపించి, చెప్పే మనిషికి ఇష్టమా అయిష్టమా అన్నది పోల్చమన్నారు. ఇష్టాయిష్టాల గురించి మాట్లాడేటప్పుడు తప్ప ఈ లెక్క వర్తించదని ఆయనే తర్వాత స్పష్టంగా చెప్పాడు. మామ్మగారికి ఎన్ని యూనిట్లు, ఏ పూట, తిండికి ఎంత ముందు అన్నవి ఏ ముఖ కవళికలూ చెప్పలేవు. మాటకి ఉన్న విలువ మాటది. మాటా ఒంటి తీరూ రెండూ పొసగనప్పుడు ఆగి అడగడమే మన పని.

ఇలాంటి సంగతుల్లో అడిగి తెలుసుకోవడం కొత్తది కాదు. డార్విన్ 1872లో మనుషుల, జంతువుల భావ ప్రకటన మీద పెద్ద పుస్తకమే వేశాడు. అంతకు ముందు 1867లో ఒక ప్రశ్నల పట్టిక తయారుచేసి, దేశదేశాల్లో తెలిసినవాళ్ళకి పంపాడు. ఒప్పుకుంటే తల నిలువుగా ఊపుతారా, కాదంటే అడ్డంగా ఊపుతారా అన్నది అందులో ఒక ప్రశ్న. కలకత్తా బొటానిక్ గార్డెన్‌లో పనిచేసే స్కాట్ అనే ఆయన కూడా జవాబులు పంపాడు. అన్ని చోట్ల నుంచీ వచ్చినవి చూసుకుని డార్విన్, కోపం, భయం లాంటివి చాలావరకు అందరిలో ఒకేలా ఉన్నా, అవునూ కాదూ అని తల ఊపడం మాత్రం అంతటా ఒకటి కాదని రాశాడు. ఇంగ్లండులో కూర్చున్న మనిషికి అది తెలుసుకోవాలంటే సముద్రాలు దాటి ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. నీకు మంచం పక్కన ఒక్క ప్రశ్న చాలు.

ఇప్పుడు నొప్పి గురించి. దీని మీద నాకు చెప్పాల్సింది చాలా ఉంది.

అరిచేవాళ్ళకి మందు ముందు అందుతుంది. ఇది ఏ వార్డులోనైనా చూస్తావు. అరిచే మనిషి నొప్పి అబద్ధమని నేననడం లేదు. మార్గో మెకఫరీ అని మనలాంటి నర్సే, అమెరికాలో, 1968లోనే తేల్చి చెప్పింది: బాధ ఉందని పేషెంటు ఎప్పుడంటే అప్పుడు ఉన్నట్టే, ఎంతంటే అంత. అది పట్టుకో. నవ్వుతూ ఫోన్ చూసుకుంటున్న కుర్రాడు "నొప్పి ఎనిమిది" అన్నాడంటే ఎనిమిదే రాయి. ముఖం చూసి దాన్ని నాలుగు చెయ్యకు. నొప్పితో నెలల తరబడి బతికేవాళ్ళు నవ్వడం కూడా నేర్చుకుంటారు.

నాకు బెంగ ఉన్నది నోరు విప్పనివాళ్ళ గురించి. ఆపరేషన్ అయిన ఆడవాళ్ళు, అందులోనూ పక్కన అత్తగారో ఆడపడుచో ఉన్నవాళ్ళు, "బానే ఉందండీ" అంటారు. ముఖం చాలావరకు అదుపులో పెట్టుకుంటారు. అప్పుడు దుప్పటి చివర చూడు. కాలివేళ్ళు ముడుచుకుని ఉంటాయి. పక్కకి తిరగమంటే ఊపిరి బిగబడుతుంది. మంచం ఊచని పట్టుకున్న వేళ్ళ కణుపులు పాలిపోతాయి. దగ్గొస్తే కుట్ల మీద చెయ్యి ఆనించి సగంలో ఆపుకుంటారు. సరిగ్గా దగ్గకపోతే కఫం పడదు, జ్వరం వస్తుంది. నొప్పి చెప్పుకోకపోవడం ఓర్పని ఇంట్లోవాళ్ళు మెచ్చుకుంటారు. నువ్వు మెచ్చుకోకు. "దగ్గితే పొట్ట పట్టేస్తోందా?" అని అడుగు. "నొప్పి ఉందా?" అంటే లేదన్న మనిషే దీనికి నిజం చెబుతుంది.

పిల్లల వార్డులో గోడకి ఆరు ముఖాల బొమ్మ ఉంటుంది చూశావా, నవ్వు నుంచి ఏడుపు దాకా, సున్నా నుంచి పది దాకా. అది 1980ల్లో అమెరికాలో డోనా వాంగ్ అనే నర్సూ, పిల్లల మధ్య పనిచేసే కోనీ బేకర్ అనే ఆవిడా కలిసి, పిల్లల చేతనే ముఖాలు గీయించి తయారుచేశారు. దాన్ని మనవాళ్ళు చాలామంది తలకిందులుగా వాడతారు. పిల్లాడి ముఖం చూసి, దానికి దగ్గరగా ఉన్న బొమ్మ నంబరు రాసేస్తారు. ఆ బొమ్మల్లోంచి ఏరుకోవాల్సింది పిల్లాడు. వాడి ముఖం వంక కాదు, వాడి వేలు ఏ బొమ్మ మీద పడిందో అది చూడాలి. మాట రాని పసివాళ్ళకి వేరే లెక్క ఉంది: ముఖం, కాళ్ళు, కదలిక, ఏడుపు, ఎత్తుకుంటే ఊరుకోవడం, ఒక్కోదానికి సున్నా నుంచి రెండు. కలిపితే పదికి. చార్టు మీ దగ్గర లేకపోతే పెద్దక్షరాలతో రాసి నర్సింగ్ స్టేషన్‌లో అంటించు. వాడుతూ ఉంటే నోటికొచ్చేస్తుంది.

కొన్నిటికి మాత్రం అడుగుతూ కూర్చునే టైము ఉండదు. నీకు నాట్యంలో చెప్పిన ఎనిమిది సాత్విక భావాలు జ్ఞాపకం ఉన్నాయా? స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. మనసు కదిలితే ఒంటికి తనంతట తనే వచ్చేవి. నర్సుకి ఇవి వేరే సంగతి చెబుతాయి. చెమట, వణుకు, పాలిపోవడం, ఆఖరికి స్పృహ తప్పడం: మీ మామ్మగారికి గుడిలో వరసగా వచ్చినవి ఇవే కదా. చక్కెర 70 కన్నా దిగిపోయిన మనిషి ఇంకో ఇంట్లో అయితే "భయపడింది", "దేవుడు పూనాడు" అనిపించుకుంటుంది. గుప్పిట బిగించి రొమ్ము నడుమ పెట్టుకుని చూపిస్తూ "ఇక్కడ పట్టేసినట్టుంది" అన్నవాణ్ణి గ్యాస్ అనుకుని కూర్చోబెట్టకు, ఈసీజీకి పంపు. పడుకోలేక ముందుకు వంగి మోకాళ్ళ మీద చేతులానించి కూర్చున్న మనిషి ఊపిరి కోసం పోరాడుతున్నట్టే. పసిబిడ్డకి ముక్కుపుటాలు ఎగురుతుంటే, ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతుంటే, తల్లి "ఉదయం నుంచి ఏడవకుండా బుద్ధిగా ఉన్నాడండీ" అని చెప్పినా నమ్మొద్దు. చొక్కా ఎత్తి, గడియారం పట్టుకుని నిమిషం పూర్తిగా లెక్కపెట్టు. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకి నిమిషానికి 50, ఏడాది దాటితే 40, ఆపైన ఊపిరి ఉందంటే వెంటనే డాక్టరుని పిలువు. ఏడవలేనంత నీరసం బుద్ధిమంతనంలా కనిపిస్తుంది.

కళ్ళలోకి చూడనివాళ్ళ గురించి నువ్వు రాసిన వాక్యం నాకు నచ్చలేదు. "తాగుడు సంగతి అడిగితే కళ్ళు దించుకున్నాడు, అబద్ధమని అప్పుడే తెలిసింది" అన్నావు. ఏం తెలిసింది? ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్ళూ, వయసులో ఉన్న ఆడపిల్లలూ, కొత్తచోట బెదిరినవాళ్ళూ, అప్పులపాలై సిగ్గుపడేవాళ్ళూ, అందరూ కళ్ళు దించుకుంటారు. పెద్దల ఎదుట కళ్ళెత్తకూడదని మనమే పిల్లలకి నేర్పుతాం. మనిషిని చూసి అబద్ధం కనిపెట్టడం మీద జరిగిన వందలకొద్దీ పరిశోధనలన్నీ బాండ్, డిపౌలో అనే ఇద్దరు 2006లో పోగేసి చూస్తే, సగటున నూటికి 54 సార్లు కనిపెట్టగలుగుతున్నారని తేలింది. బొమ్మా బొరుసూ వేసినా యాభై వస్తుంది. కాబట్టి ఆ పెద్దమనిషి దించిన కళ్ళ నుంచి నీకు దొరికింది ఒక్కటే: ఈ ప్రశ్న ఇక్కడ, ఇందరిలో అడగకూడదని. డ్రెస్సింగ్ గదిలో, తలుపు దగ్గరగా వేసి, మళ్ళీ అడుగు. లెక్క తగ్గించి చెప్పినా వణుకు, నిద్ర పట్టకపోవడం రెండో రోజుకి వార్డులోనే కనపడతాయి. వాటికి సిద్ధంగా ఉండు.

ఇంకో చూపు ఉంది. అది వదలకు. ఓపీలో కోడల్ని ఏదైనా అడిగితే అత్తగారు జవాబు చెబుతుంది, లేదా భర్త చెబుతాడు. అది మామూలే, చాలా ఇళ్ళలో ఆదరమే. కానీ ప్రతి జవాబుకి ముందూ ఆ పిల్ల కళ్ళు పక్క మనిషి మీదికి వెళ్ళి వస్తున్నా, మోచేతి పైన పాత మచ్చలూ కొత్త మచ్చలూ కలిసి ఉన్నా, "బాత్రూములో జారిపడింది" అన్న మాట ఆమె కంటే ముందు ఆయన అంటున్నా, ఒక చీటీ రాసి ఆయన్ని మందుల షాపుకి పంపు. లేదా "మూత్రం పరీక్షకి తీసుకెళ్ళాలి" అని ఆమెని లోపలికి తీసుకెళ్ళు. తలుపు వేసి, పక్కన కూర్చుని, "ఇంట్లో ఎవరన్నా చెయ్యి చేసుకుంటున్నారామ్మా?" అని సూటిగా, మెత్తగా అడుగు. లేదంటే లేదనే అనుకో, గుచ్చొద్దు. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు చెప్పి పంపు. కాగితం మీద రాసివ్వకు, ఇంట్లో దొరికితే ఆమెకే చేటు. మూడు అంకెలు గుర్తుంటాయి.

ఇంతసేపూ వాళ్ళని చూడమన్నాను. వాళ్ళు నిన్ను ఇంకా ఎక్కువగా చూస్తుంటారు చిన్నీ. ఐసీయూ బయట కూర్చున్న తండ్రికి మానిటర్ చదవడం రాదు, నీ ముఖమే చదువుతాడు. లోపలినుంచి నువ్వు వడివడిగా నడిచి వస్తే లేచి నిలబడిపోతాడు. నువ్వు టీ కోసం వెళ్తున్నా సరే. ఆయన పక్క నుంచి వెళ్ళేటప్పుడు రెండు సెకన్లు ఆగి "అలాగే ఉన్నారండీ, మార్పేం లేదు, డాక్టరుగారు ఎనిమిదింటికి వస్తారు" అను. స్టేషన్ దగ్గర సిస్టర్లు నవ్వుకోవడం తప్పని నేననను, పన్నెండు గంటల డ్యూటీలో నవ్వు కావాలి. కాని పోయిన మనిషి బంధువులు మెట్ల మీద ఉన్నప్పుడు గదిలోకి వెళ్ళి నవ్వుకోండి.

మంచం కాళ్ళ వైపు నిలబడి, కేస్ షీట్ చూస్తూ ప్రశ్నలు వెయ్యకు. స్టూలు లాక్కుని కూర్చో. అమెరికాలో కాన్సాస్ యూనివర్సిటీ ఆసుపత్రిలో దీన్ని పరీక్షించి చూశారు. డాక్టరు దాదాపు అంతే సమయం గడిపినా, నిలబడ్డప్పటి కంటే కూర్చున్నప్పుడు ఎక్కువసేపు ఉన్నారని పేషెంట్లు అనుకున్నారట. నేను పనిచేసిన వార్డుల్లో ఇది పరిశోధన లేకుండానే తెలిసిన సంగతి. కూర్చుంటే నీ కళ్ళు పేషెంటు కళ్ళ ఎత్తుకి వస్తాయి, తల ఎత్తి చూడాల్సిన అవసరం ఉండదు, "ఇంకో మాటండీ" అనే ధైర్యం వస్తుంది. ఆ ఇంకో మాటే చాలాసార్లు అసలు జబ్బు. బీపీ పట్టీ కట్టేముందు "చెయ్యి ఇవ్వండి" అను, చెప్పకుండా పట్టి లాగకు. మగ పేషెంట్లకైనా, పెద్ద వయసు ఆడవాళ్ళకైనా తెర లాగాకే దుప్పటి తియ్యి. చలికాలం చేతులు రుద్దుకుని తాకు. మాస్కు ఉంటే నవ్వు కనపడదు కనుక గొంతులో వినపడాలి.

ఒక పనిని మాత్రం రేపటి నైట్ డ్యూటీ నుంచే మొదలుపెట్టు. నర్సింగ్ నోట్సులో "పేషెంట్ సహకరించడం లేదు", "మూడీగా ఉంది", "నాటకం ఆడుతోంది" లాంటివి రాయకు. అవి నీ తీర్పులు. పొద్దున డ్యూటీకి వచ్చే పిల్ల ఆ మాట చదివి, అదే కళ్ళతో ఆ మంచం దగ్గరికి వెళ్తుంది. డాక్టరుగారు రౌండ్స్‌లో అదే వింటారు. ఒక్కసారి రాస్తే డిశ్చార్జి దాకా ఆ మనిషికి అంటుకుంటుంది. నువ్వు చూసింది రాయి, ఎప్పుడు చూశావో రాయి: "రాత్రి రెండింటికి గోడవైపు తిరిగి మేలుకుని ఉంది. అన్నం ముట్టలేదు. కుడిచెయ్యి పొట్ట మీదినుంచి తియ్యడం లేదు. అడిగితే ఏం లేదన్నది." ఈ నాలుగు వాక్యాలూ నీ తర్వాత వచ్చేవాళ్ళకి దారి చూపిస్తాయి. హ్యాండోవర్‌లో నోటితో కూడా ఇలాగే చెప్పు, మంచం దగ్గర నిలబడి చెప్పు.

నెలకోసారైనా ఉత్తరం రాయి. అమ్మకి వేళకి ఫోన్ చెయ్యి. నైట్ డ్యూటీలో టీతో సరిపెట్టకుండా తినడం మర్చిపోకు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ